ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక కుట్టుమిషను

హౌరా నుంచి మద్రాసు వైపు సాగే రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఖరగ్‌పూర్ ఉన్నది. 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షన్‌ను నెలకొల్పింది. ఆ వెనుకనే పెద్ద వర్క్‌షాపు వెలిసింది. 1072 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. ప్లాట్‌ఫారం కొలత చాలామందికి తెలుసు. ఆ ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె, బొంత, చెంబు పట్టుకుని దిగిన తెలుగువారి సంగతి అంతగా తెలియదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుంచి వారు తరతరాలుగా ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా, గుమాస్తాలుగా ఈ రైల్వేను నడిపిన చేతులలో వారి చేతులు అనేకం.

ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆ రైల్వే కాలనీలో పాత భాగం. న్యూ సెటిల్‌మెంట్, మధురాకాటి, నింపురా వంటి పేటల మాదిరిగానే ఇక్కడ కూడా సాయంత్రపు వేళ వీధిలో నడిస్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. ఈ ఊరి తెలుగువారికి ఆంధ్ర హైస్కూలు ఉన్నది. అమ్మవారి పండుగలు ఉన్నాయి. కార్మికోద్యమంలో చెప్పుకోదగిన చరిత్ర కూడా ఉన్నది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. తొలగింపునకు గురైన కార్మికుల పక్షాన 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారు. కంపెనీ రైల్వే 1944లో ప్రభుత్వపరమైంది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. అధికారులు మారారు, బోర్డులు మారాయి. క్వార్టర్ల వసారాలలో మాత్రం ఒక శబ్దం చాలాకాలం మారలేదు. అది కుట్టుమిషను శబ్దం.

రైల్వే కుటుంబాల ఆదాయ వ్యయాల చరిత్ర ఎవరైనా వ్రాయదలిస్తే జీతాల పట్టికలతో పాటు ఈ మిషన్లను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. నెలాఖరున చేబదులు కోసం పొరుగింటి తలుపు తట్టకుండా చాలా సంసారాలను కాపాడినవి ఇవే. జాకెట్టు, లంగా, దిండుగలీబు, బడిపిల్లల నిక్కరు. ఏ హాజరు పట్టీలోనూ నమోదు కాని ఈ పనికి మధ్యాహ్నపు వేళ ప్రత్యేకించబడింది. మగవారు షాపులో, పిల్లలు బడిలో ఉండే ఆ రెండు మూడు గంటలలో ఒక కుటుంబపు పరువు నిలబడేది. యంత్రాలను అంత తేలికగా ఒప్పుకోని గాంధీజీ సైతం 1924లో జి. రామచంద్రన్‌తో జరిపిన సంభాషణలో సింగర్ కుట్టుమిషనును మినహాయించారు. భార్య చేతికుట్టుతో పడుతున్న శ్రమను చూడలేక దానిని కనిపెట్టారన్నదే ఆయన చెప్పిన కారణం. ఆ కథలోని చారిత్రక సత్యం మాట ఎలా ఉన్నా, వసారాలో కూర్చుని కుట్టిన స్త్రీలకు ఆ మినహాయింపు న్యాయమైనదిగానే తోచి ఉంటుంది.

ఈ వ్యాసానికి ఆధారమైన మిషను అటువంటి ఒక క్వార్టరులో ఉన్నది. చేత్తో తిప్పే సింగర్ మిషను. చెక్క పీట, వంపు తిరిగిన చెక్క మూత, నల్లని ఒంటిమీద చాలావరకు అరిగిపోయిన బంగారురంగు లతలు. పీట అంచున కనిపించే సంఖ్య ఎఫ్ అనే అక్షరంతో మొదలవుతుంది. అది స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైన మిషను అనడానికి ఆ అక్షరమే గుర్తు. 1885లో మొదలైన ఆ కర్మాగారంలో 1911లో ఒక పెద్ద సమ్మె జరిగింది. చెక్క భాగాలకు మెరుగుపెట్టే కొద్దిమంది స్త్రీలపై పనిభారం పెంచినందుకు మొదలైన ఆ నిరసన, చివరకు సుమారు 11,000 మంది పని మానుకునేంతగా పెరిగింది. ఆ చేతులు మెరుగుపెట్టిన మూతలలో ఏవో కొన్ని సముద్రం దాటి, రైలెక్కి, మరొక కార్మిక పట్టణానికి చేరాయి.

మిషను యజమానురాలికి ఎనభయ్యో పడి దగ్గరపడింది. ఆమె పుట్టినిల్లు పొందూరు ప్రాంతం. సన్నని నూలుకు, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచే పద్ధతికి పేరుపడిన ఊరది. అత్తవారి ద్వారా ఖరగ్‌పూర్ వచ్చింది. మిషను ఆమె అత్తగారిది. భర్త వర్క్‌షాపులో పనిచేస్తూనే కన్నుమూశాడు. కారుణ్య నియామకం కింద కొడుకుకు ఉద్యోగం వచ్చేవరకు నడిచిన నెలలన్నీ ఆ మిషను మీదనే గడిచాయి. ఆ నెలల గురించి ఆమె ఎక్కువగా చెప్పదు. అడిగితే, “తిప్పినాను బాబూ, తిరిగింది” అని మాత్రం అంటుంది.

ఇప్పుడు కొడుకు కూడా పదవీ విరమణకు దగ్గరపడ్డాడు. క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు కనుచూపు మేరలో ఉన్నది. రైల్వే కుటుంబాలకు ఇది కొత్త కాదు. పుట్టి పెరిగి, పెళ్ళిళ్ళు జరిగి, పెద్దలు గతించిన ఇల్లు ఒకనాడు తాళంచెవితో సహా అప్పగించవలసినదే. కొత్తగా వెళ్ళే చిన్న ఇంటికి ఏమి వెంట వస్తుంది, ఏమి రాదు అన్న లెక్క మొదలైంది. పాతసామాను కొనే వ్యాపారి ఒకడు వచ్చి మిషనుకు మంచి ధరే చెప్పాడు. కుట్టడానికి కాదు, పెద్ద నగరంలోని ఏదో దుకాణపు అద్దాల వెనుక అలంకారంగా పెట్టడానికి. “కుట్టదు కదమ్మా, ఉంచి ఏం చేస్తావు?” అన్నాడు కొడుకు. అది కటువుగా అన్న మాట కాదు. నిజమే, మిషను సుమారు రెండేళ్ళుగా కుట్టడం లేదు. మనుమరాలికి నేర్పాలని ఆమె కూర్చోబెట్టినప్పుడల్లా దారం తెగేది. అమ్మాయి విసుగుతో లేచిపోయేది.

వర్క్‌షాపులో ఆమె భర్తతో కలిసి పనిచేసి, చాలాకాలం క్రితం విరమణ పొందిన ఒక ఫిట్టరు ఆ సంగతి విన్నాడు. ఒక చలికాలపు ఉదయం పనిముట్ల సంచితో వచ్చాడు. సూది మార్చి చూశాడు. పై దారం బిగువు సరిగానే ఉన్నది. పళ్ళెం కింద కదిలే నాడెను బయటకు తీసినప్పుడు కారణం కొంత కనబడింది. లోపలి బాబిన్ మీద దారం ఒక కొనవైపు కుప్పగా, రెండవ కొనవైపు పలుచగా ఉన్నది. కుప్పగా ఉన్నచోట అది నాడె గోడకు ఒరుసుకుని బిగుసుకుపోతున్నది. అందువల్లనే కింది దారం తెగుతున్నది. మిషను కుట్టలేకపోవడానికి మూలం కుట్టే భాగంలో లేదు. దారాన్ని బాబిన్‌కు చుట్టే చిన్న అమరికలో ఉన్నది.

ఈ రకం మిషన్లలో బాబిన్ ఇప్పటివాటిలా గుండ్రంగా, పొట్టిగా ఉండదు. సన్నగా పొడవుగా, రెండు కొనలా చిన్న బిళ్ళలతో ఉంటుంది. పడవ ఆకారపు లోహపు నాడెలో అది పడుకుని, నాడెతో పాటు ముందుకు వెనుకకు ఊగుతుంది. నేతపని ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మగ్గం మీద నాడెలో కండె ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆమె ఏనాడూ బాబిన్ అనలేదు. యాభై ఏళ్ళుగా దానిని కండె అనే పిలుస్తున్నది. మిషనును తయారుచేసిన దేశంలోనూ ఈ భాగానికి మగ్గపు నాడె పేరే పెట్టారు గనుక, ఆమె వాడిన మాటలో పొరపాటు ఏమీ లేదు.

పొడవైన కండెకు దారం సమంగా పరచుకోవాలంటే దారపు మొన ఒక కొన నుంచి మరొక కొనకు నడవాలి, తిరిగి రావాలి. అందుకోసం ఈ మిషను చేతి చక్రం పక్కన ఒక తెలివైన ఏర్పాటు ఉన్నది. చక్రం మధ్యనున్న మరను వదులు చేస్తే సూది ఆగిపోయి, చక్రం ఒక్కటే తిరుగుతుంది. రబ్బరు రింగు తొడిగిన చిన్న కప్పీని ఆ చక్రానికి ఆనిస్తే, రాపిడి వల్ల కప్పీ తిరిగి కండెను తిప్పుతుంది. కప్పీ ఇరుసు మీద మరచుట్లు ఉంటాయి. ఆ చుట్లు ఒక పళ్ళచక్రాన్ని నెమ్మదిగా తిప్పుతాయి. పళ్ళచక్రంతో పాటు రావి ఆకు ఆకారపు బిళ్ళ ఒకటి తిరుగుతుంది. దారాన్ని పట్టి నడిపే సన్నని చువ్వ ఆ బిళ్ళ అంచున ఆనుకుని ఉంటుంది.

బిళ్ళకు రావి ఆకు ఆకారం అందం కోసం ఇచ్చినది కాదు. గుండ్రని బిళ్ళను మధ్యకు కాక ఓరగా బిగించినా చువ్వ అటూ ఇటూ ఊగుతుంది. అయితే తిరుగుడు దగ్గర దాని నడక మందగిస్తుంది. నడక మందగించినచోట దారం ఎక్కువ పడి రెండు కొనలా కుప్పలు ఏర్పడతాయి. రావి ఆకు బిళ్ళలో అంచు దూరం సగం చుట్టు వరకు సమంగా పెరుగుతూ పోయి, మిగతా సగం చుట్టులో అంతే సమంగా తగ్గుతూ వస్తుంది. అందువల్ల చువ్వ ఒకే వేగంతో నడిచి, కొనకు చేరగానే వెంటనే వెనుదిరుగుతుంది. దారం పొరమీద పొరగా సమంగా పడుతుంది. అయితే ఒక షరతు ఉన్నది. బిళ్ళ అంచు చువ్వను ముందుకు నెట్టగలదే గాని వెనుకకు లాగలేదు. వెనుకకు తెచ్చేది చువ్వను అంచుకు ఆనించి ఉంచే ఒక సన్నని స్ప్రింగు.

ఫిట్టరు మొదట రబ్బరు రింగును చూశాడు. అది ఎండి, రాయిలా గట్టిపడి, చక్రానికి ఆనినచోట చదునుగా అరిగి ఉన్నది. గోల్ బజారుకు పోయి వెదికి, కొలతకు సరిపోయే రింగు తెచ్చి వేశాడు. కప్పీ చక్కగా తిరిగింది. దారం మాత్రం మళ్ళీ ఒకవైపే కుప్పపడింది. అప్పుడు మరచుట్లను, పళ్ళచక్రాన్ని విప్పాడు. వర్క్‌షాపు అలవాటు చొప్పున, విప్పిన ప్రతి ముక్కను విప్పిన వరుసలోనే పాత వార్తాపత్రిక మీద పేర్చాడు. పళ్ళ సందులలో దారపు పీచు, దానిమీద గోధుమరంగు జిగురు. మిషను నూనె దొరకని రోజులలో వేసిన కొబ్బరినూనె, ఆవనూనె ఏళ్ళ తరబడి పేరుకుని అలా తయారైంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. ఆవనూనె ఆరి బంకలా అంటుకుంటుంది. వంటింటి నూనె వంటింటికే మంచిది. ముక్కలను ఒక రాత్రి కిరసనాయిలులో నానవేసి, మరునాడు పాత పళ్ళకుంచెతో తోమాడు. బిగుసుకుపోయిన ఏ మరనూ పట్టకారుతో బలవంతంగా తిప్పలేదు.

శుభ్రపడిన తరువాత అసలు లోపం బయటపడింది. స్ప్రింగు ఉండవలసిన చోట దాని తునక మాత్రమే ఉన్నది. విరిగిన చోట తుప్పు పట్టిన తీరు చూస్తే అది నిన్న మొన్న విరిగినది కాదు. ఫిట్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇది విరిగి ఎన్నాళ్ళయింది, చెల్లెమ్మా?”

“ఏటన్నయ్యా అది? దానికి స్ప్రింగు కూడా ఉంటాదా?”

“ఉండాలి. అది లేకపోతే చువ్వ వెనక్కి రాదు. మరి ఇన్నేళ్ళూ కండె ఎలా చుట్టావు?”

ఆమె జవాబు చెప్పకుండా కుడిచేత్తో చక్రాన్ని తిప్పి, ఎడమచేతి చూపుడువేలితో దారాన్ని అటూ ఇటూ నడిపి చూపించింది. చిన్నతనాన పొందూరులో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన వేలు అది. అక్కడ దారాన్ని నడిపేది ఎప్పుడూ వేలే. ఖరగ్‌పూర్ వచ్చాక అత్తగారి మిషను మీద కూడా అలాగే చుట్టింది. మిషనులో లోపం ఉన్నదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. దారం సమంగా పడింది, కుట్టు సమంగా వచ్చింది. అంతకన్నా అడగవలసినది ఏమున్నది?

రెండేళ్ళ క్రితం ఆ వేలికి వణుకు వచ్చింది. అంతవరకు దాగి ఉన్న లోపం ఆ రోజున బయటపడింది. మనుమరాలికి వణుకు లేదు, అయితే ఆ వేలు నేర్చిన విద్యా లేదు. అమ్మమ్మ తనకు తెలియకుండానే చేస్తూ వచ్చిన పనిని అమ్మాయికి చెప్పనూ లేదు. చెప్పవలసినది అంటూ ఒకటి ఉన్నదని ఆమెకే తెలియదు. అందువల్ల అమ్మాయి తనకు పని రాదని అనుకున్నది, కొడుకు మిషను పాడయిందని అనుకున్నాడు, ఆమె తన చేయి పోయిందని అనుకున్నది. ముగ్గురూ అనుకున్నదానిలో కొంత కొంత నిజం ఉన్నది. మొత్తం నిజం ఆ విరిగిన తునకలో ఉన్నది.

నైపుణ్యం గల చేతులు ఒక లోపాన్ని మోస్తూ ఉంటే ఆ లోపం ఎవరికీ కనబడదు. ఇది మిషన్లకు మాత్రమే చెందిన విషయం కాదు. ఏ కార్యాలయంలోనైనా అనుభవజ్ఞుడైన ఒక గుమాస్తా పదవీ విరమణ చేసిన మరునాడు ఇటువంటి స్ప్రింగులు కొన్ని లేవని తెలుస్తుంది. ప్రవాసంలోని భాష విషయం కూడా ఇటువంటిదే. ఖరగ్‌పూర్‌లో తెలుగు నాలుగైదు తరాలుగా నిలిచింది. పాఠశాల, సంఘాలు చేసిన సేవ గొప్పది. అయినా, ప్రతిరోజూ దారం నడిపింది ఇళ్ళలోని తల్లుల, అమ్మమ్మల నాలుకలే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఊరివారికి అది సంతోషం కలిగించిన నిర్ణయం. హోదా ఒక అమరిక. దారాన్ని వెనుకకు తెచ్చే స్ప్రింగు మాత్రం పాఠ్యపుస్తకాలలో, ఉపాధ్యాయులలో, ఇంటిలో వ్రాసి చదివే అలవాటులో ఉంటుంది. అమ్మమ్మల వేళ్ళను నమ్ముకుని ఎంతకాలం అని అడగవలసిన సమయం వచ్చింది.

స్ప్రింగు బజారులో దొరకలేదు. క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం 1980లోనే మూతపడింది. ఫిట్టరు సన్నని ఉక్కు తీగను ఒక మేకు చుట్టూ చుట్టి కొత్త స్ప్రింగు తయారుచేశాడు. మొదటిది మరీ బిరుసుగా వచ్చింది. చువ్వ బిళ్ళను గట్టిగా ఒత్తడంతో పళ్ళచక్రం బరువెక్కి, కొత్త రబ్బరు రింగు సైతం చక్రం మీద జారసాగింది. కప్పీని నడిపేది రాపిడి ఒక్కటే. దాని శక్తికి ఒక హద్దు ఉన్నది. రెండవసారి అదే తీగతో చుట్లు పెంచాడు. చుట్లు పెరిగేకొద్దీ స్ప్రింగు మెత్తబడుతుంది. ఈసారి చువ్వ బిళ్ళ అంచును వదలకుండా, ఒత్తకుండా, కొన వరకు వెళ్ళి తిరిగి వచ్చింది. ఒక్క బొట్టు మిషను నూనె వేసి, పొంగినదాన్ని గుడ్డతో తుడిచాడు.

మొదటి కండెను అమ్మాయే చుట్టింది. దారాన్ని ముట్టవద్దని ఫిట్టరు ముందే హెచ్చరించాడు. తెల్లదారం ఒక కొన నుంచి మరొక కొనకు తనంతట తాను నడిచి, పొరమీద పొరగా కూర్చున్నది. అమ్మమ్మ ఎడమచేయి అలవాటు కొద్దీ ముందుకు వచ్చి, గాలిలో ఆగి, ఒడిలోకి తిరిగి వెళ్ళింది. నిండిన కండెను ఆమె రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కి చూసింది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. “నా చుట్టుకన్నా బాగుంది” అన్నది. ఆ మాటలో సంతోషం ఎంతో, మరొకటి ఎంతో చెప్పడం కష్టం. తన వేలు ఇన్నేళ్ళు చేసిన పని ఒక తీగముక్క చేయగలదని తెలియడం ఎవరికైనా తేలికగా మింగుడుపడదు. కొంతసేపటికి ఆమే, “నా తరవాత దీనికి నా వేలు అక్కర్లేదు కదా, అది చాలు” అన్నది.

వ్యాపారికి రావద్దని కబురు వెళ్ళింది. మిషను కొత్త ఇంటికి వెళుతుందని తేలింది. ఫిట్టరు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. చుట్టడం పూర్తికాగానే కప్పీని చక్రం నుంచి వెనుకకు తీయాలి, లేకపోతే రింగు నొక్కుకుపోయి చదునవుతుంది. మిషను నూనె తప్ప మరొకటి వేయరాదు. పళ్ళ సందులలో పీచును ఆరు నెలలకొకసారి తీయాలి. కండెను అంచులదాకా నింపరాదు, నాడెలో తిరగడానికి చోటు ఉండాలి. అమ్మాయి అవన్నీ నోటుబుక్కులో వ్రాసుకున్నది. మాటలు తెలుగు, అక్షరాలు బంగ్లా. ఇంటి మాటను బడి లిపిలో వ్రాసుకునే పిల్లలు ఆ ఊరిలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఫిట్టరు ఆ పుట చూసి ఏమీ అనలేదు. పెన్సిలు అడిగి తీసుకుని, పైభాగాన కండె అని, దాని కింద రావి ఆకు బిళ్ళ అని తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి, పక్కన బొమ్మ గీశాడు. బొమ్మ కింద రింగు కొలత, స్ప్రింగు చుట్ల సంఖ్య వేశాడు.

రబ్బరుకు ఆయుష్షు తక్కువ. కొన్నేళ్ళకు ఆ రింగు మళ్ళీ గట్టిపడుతుంది, ఏనాటికో స్ప్రింగూ మళ్ళీ విరుగుతుంది. అప్పటికి ఆ కుటుంబం ఏ ఊరిలో ఉంటుందో చెప్పలేము. పుట మాత్రం మిషను మూత లోపలి వైపున అంటించి ఉన్నది.